టోరెంటుకి నేను రాసిన మాఫీ

ఆ ఉత్తరం రాసింది నేను. సంతకం మాత్రం మా అమ్మాయిది. ఈ ముక్క చెప్పకుండా మిగతా కథ చెబితే తప్పంతా ఆ కాలేజీ మీదకి పోయి నేను శుభ్రంగా తప్పించుకుంటాను. వాళ్ళ మీద నాకు కోపం ఉంది. తలుచుకుంటే ఈ రోజుకీ అన్నం సహించదు. కానీ ముందు నా వాటా నేను చెప్పుకోవాలి.

నేను బిలాస్‌పూర్‌లో రైల్వే ఆఫీసు గుమస్తాని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేరాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలో హిందీలో చదువుకుని, ఆయన సర్వీసులో ఉండగానే పోతే ఆ లెక్కన ఉద్యోగంలోకి వచ్చాను. నా సీటు దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది చేతిలో మెమో పట్టుకునే వస్తారు. డ్యూటీకి ఆలస్యమైందనో, పై అధికారికి ఎదురు మాట్లాడాడనో, పనిముట్టు ఒకటి కనపడటం లేదనో సంజాయిషీ అడుగుతారు. మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలి. షెడ్‌లో ఇనుముతో కుస్తీ పట్టే మనిషికి ఆ జవాబు రాయాలంటే చెమటలు పడతాయి. అందుకని నా దగ్గరికి వస్తాడు. నేను రాసిపెడతాను.

దానికో పద్ధతి ఉంది. వాదించకూడదు. తప్పు నీది కాకపోయినా కాదని రాయకూడదు. కాదన్నావంటే ఎంక్వైరీ వేస్తారు, సాక్షుల్ని పిలుస్తారు, ఏళ్ళ తరబడి నలుగుతుంది, ఈలోగా నీ ప్రమోషన్ ఆగిపోతుంది. పొరపాటు జరిగింది, తెలియక జరిగింది, ఇకముందు జరగదు, ఈ ఒక్కసారికి క్షమించండి. అంతే. ఇంకో కిటుకు కూడా ఉంది. మెమోలో అధికారి ఏ మాట వాడాడో జవాబులో అదే మాట వాడాలి. తన మాట తనకి తిరిగొస్తే ఆయన మెత్తబడతాడు. ఆయన పెద్దరికం నిలబడుతుంది, మనవాడికి ఒక వార్నింగు పడుతుంది, ఫైలు మూసేస్తారు.

మా నాన్న సర్వీసంతా ఇలాగే లాక్కొచ్చాడు. "మాఫీ రాసీ, డ్యూటీ సేసుకో" అనేవాడు. ఇక్కడి తెలుగు రైల్వే కుటుంబాల్లో ఇది తాతల నాటి నుంచి నేర్చుకున్న విద్య. ఊరు కాని ఊరొచ్చాం, తల వంచితే పోయేదేముంది అనుకునేవాళ్ళు. నాకు ఆ విద్యలో మంచి పేరు. తఖత్‌పూర్ నుంచి వచ్చి పనిచేసే గ్యాంగ్‌మన్ కూడా "దీదీ కలమ్ చలాయేగీ తో బచ్ జాయేంగే", అక్క కలం పట్టిందంటే బతికిపోతాం అని నన్ను వెతుక్కుంటూ వచ్చేవాడు. నాకు లోపల గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ గర్వం తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా అమ్మాయి కంప్యూటర్ డిగ్రీ చదివి తఖత్‌పూర్ రోడ్డులోని ఒక ప్రైవేటు కాలేజీలో లాబ్ అసిస్టెంట్‌గా చేరింది. ఉద్యోగం టెంపరరీ. ఏడాది పని చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. దానికి ఆ లాబ్ అంటే పిచ్చి. సెలవు రోజు కూడా వెళ్ళేది. సగం కంప్యూటర్లు పనిచెయ్యక గుడ్డలు కప్పి ఉండేవట. తక్కినవాటిలో ఉన్నది కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కడో కొట్టుకొచ్చిన దొంగ కాపీ. ఇది అసలు కాపీ కాదు, డబ్బు కట్టి తీసుకోండి అని తెర మూల ఎప్పుడూ ఒక లైను కనిపిస్తూ ఉంటుందట. పిల్లలు ఆ లైను కిందే ప్రాక్టికల్స్ చేసి, ఆ లైను కిందే పరీక్ష రాసేవాళ్ళు. లాబ్ ఇన్‌చార్జ్‌గారికి అది ఏనాడూ తప్పుగా తోచలేదు.

మూల పడేసిన ఆ పాత డబ్బాలు నడవడానికి మా అమ్మాయి ఒక దారి వెతికింది. ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి ఉంది. పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్ళే, కావలసినవాళ్ళు తీసుకోండి, టోరెంట్‌లో, అంటే ఇప్పటికే దించుకున్నవాళ్ళ కంప్యూటర్ల నుంచి, తీసుకుంటే మాకు భారం తగ్గుతుంది అని తమ సైటులో రాసిపెట్టారు. కాలేజీ ఇంటర్నెట్టు పది నిమిషాలకోసారి పోతుంది. మామూలుగా దించితే మొదటికొస్తుంది. టోరెంట్ అయితే ఆగినచోటి నుంచి మళ్ళీ మొదలవుతుంది. అది అలాగే దించింది. దించాక వెంటనే ఆపెయ్యకుండా, ఇంకెవరికైనా అందుతుందని రెండు రోజులు నడవనిచ్చింది. మనకి వచ్చినదాన్ని కాస్త తిరిగి పంచడం అందులో మర్యాదట. మూలన పడున్న ఆరు కంప్యూటర్లు లేచి కూర్చున్నాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ప్రాణం పోసినంత సంబరంగా చెప్పింది. నేను సగమే విన్నాను. కూర మాడుతోంది.

నాలుగు రోజుల తర్వాత మెమో పట్టుకుని వచ్చింది. ఇన్‌చార్జ్‌గారు తెర మీద ఆ టోరెంట్ ప్రోగ్రాం చూశాడు. లాబ్‌లో అవైధ్ సాఫ్ట్‌వేర్ వాడినందుకు మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట. అవైధ్ అంటే చట్టవిరుద్ధం. ఆ మాట కింద గీత కూడా గీశాడు.

నేను బెండకాయలు తరుగుతున్నాను. దాని మొహం ఎర్రగా ఉంది. ఏడవలేదు.

"ఏటే, ఏటైంది?"

"టోరెంట్ వాడేనని మెమో ఇచ్చీసేరమ్మా. ఇల్లీగల్ అట."

"టోరెంటంటే దొంగ సినిమాలు దించుకునీదే కదా?"

"అరే, నువ్వూ అదే అంటన్నావు."

నేను అదే అన్నాను మరి. మా వాళ్ళకి తెలిసిన టోరెంటు అదొక్కటే. కొత్త తెలుగు సినిమా ఇక్కడి హాలుకి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. ఈలోగా ఎవరో ఒకరి పెన్‌డ్రైవ్‌లో ఇల్లిల్లూ తిరిగేది. మా ఇంటికీ వచ్చేది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు చేసి, కాళ్ళు చాపుకుని, ఎవరి సొమ్ము తింటున్నామన్న ఆలోచన ఒక్కసారి కూడా రాకుండా చూశాను. ఒకసారి ఎవరో పంపిన లింకు నొక్కితే, ప్రభుత్వ ఆదేశం మీద ఈ సైటు మూసేశామని, జైలనీ జరిమానా అనీ ఏదో పేజీ వచ్చింది. ఫోను ఆపేసి దిండు కింద పెట్టాను. దొంగ సినిమా చూసినప్పుడు రాని భయం ఆ పేజీ చూస్తే వచ్చింది. టోరెంట్ అన్న మాట నాలో ఆ భయంతోనే కలిసిపోయింది.

అమ్మాయి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. చిన్నపిల్లకి చెప్పినట్టు నాకు చెప్పింది.

"చూడమ్మా, టోరెంట్ ఒట్టి మోసుకొచ్చీ బండి. మత్లబ్, గూడ్స్‌లో బొగ్గూ వస్తాది, ఎవడైనా ఎక్కిస్తే దొంగ సరుకూ వస్తాది. దొంగ సరుకు దొరికితే వేగన్ని జైల్లో పెడతారేటి? నేను తెచ్చింది ఆళ్ళు ఫ్రీగా ఇచ్చిందే. ఎవలైనా తీసుకోవచ్చు, ఎవలికైనా ఇవ్వొచ్చు అని ఆళ్ళే రాసేరు. ప్రింట్ తీసి తెచ్చేను, చదువు."

నేను చదవలేదు. అది రాసుకున్న జవాబు మాత్రం లాక్కుని చదివాను. రెండు పేజీలు. మొదటి వాక్యమే నేను చట్టవిరుద్ధమైన పని ఏదీ చేయలేదు అని ఉంది. రెండో పేజీలో ఇంకా ఘోరం. లాబ్‌లో మిగతా కంప్యూటర్లన్నీ దొంగ కాపీతో నడుస్తున్నాయి, అసలు చట్టవిరుద్ధం అదీ అని రాసింది.

"ఇది ఇస్తే నిన్ను బతకనిస్తారేటే?"

"నిజమే కదమ్మా."

"నిజం సంజాయిషీలో రాయకూడదు."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అప్పుడు అది నాకు మహా తెలివిగా అనిపించింది కూడా.

మూడు రోజులు ఇంట్లో ఇదే గొడవ. మా ఆయన లోకో పైలట్. కట్నీ వైపు డ్యూటీలో ఉన్నాడు. ఫోనులో విని, "మీ అమ్మకి ఇయ్యన్నీ తెలుసు, చెప్పినట్టు విను" అన్నాడు. ఆ మాటతో అమ్మాయి ఒంటరిదైపోయింది. మొదటి రోజు గట్టిగా వాదించింది. రెండో రోజు అవే మాటలు మెల్లగా చెప్పింది. మూడో రోజు నేను కాగితం తీసుకుని మంచి ఆఫీసు హిందీలో రాసేశాను. లాబ్ కంప్యూటర్‌లో తెలియక అవైధ్ సాఫ్ట్‌వేర్ వాడాను, ఇది నా మొదటి తప్పు, భవిష్యత్తులో ఇలాంటిది జరగనివ్వను, దయచేసి ఈ ఒక్కసారికి క్షమించండి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

అమ్మాయి అవైధ్ అన్న మాట మీద వేలు పెట్టింది.

"ఈ మాటొకటి తీసీ అమ్మా."

"ఆళ్ళ మాట ఆళ్ళకే తిరిగి రాయాలే. అలగైతేనే శాంతిస్తారు."

నా మొహం వైపు కాసేపు చూసింది. తర్వాత పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. గండం గడిచింది అనుకుని నేను ఆ సాయంత్రం సేమ్యా పాయసం చేశాను.

వారం తిరగకుండా ఆర్డరు చేతికొచ్చింది. తన స్వంత రాతపూర్వక అంగీకారం ప్రకారం ఈ ఉద్యోగి అవైధ్ సాఫ్ట్‌వేర్ వాడినట్టు రుజువైనందున సేవలు సమాప్తం. వార్నింగూ లేదు, మందలింపూ లేదు. దాని నకలు ఒకటి నోటీసు బోర్డు మీద పెట్టారు. నిన్నటిదాకా మేడమ్ మేడమ్ అన్న పిల్లలు దాన్ని ఫోటో తీసుకుని పంచుకున్నారు. ఆ పంచుకోవడం మాత్రం ఎవరికీ నేరంగా కనపడలేదు. పనిచేసినట్టు అనుభవ పత్రం అడిగితే, ఇలాంటి కేసులో ఇవ్వడం కుదరదన్నారు. ఆ పత్రం లేకపోతే దానికి ఇంకే కాలేజీలోనూ లాబ్ పని దొరకదు.

రైల్వేలో మాఫీ రాస్తే ఫైలు మూసుకుంటుంది, ఎందుకంటే అక్కడ మనిషి వెనక రూల్స్ ఉన్నాయి, యూనియన్ ఉంది, ఒక్క కాగితంతో ఎవణ్ణీ ఇంటికి పంపలేరు. ప్రైవేటు కాలేజీలో మా అమ్మాయి వెనక ఎవరున్నారు? నేనున్నాను. ఆ తేడా ఆలోచించకుండా, అరిగిపోయిన పద్ధతిని తీసుకెళ్ళి దాని మెడకి చుట్టాను. ఆ పోస్టులోకి తర్వాత ఎవరు వచ్చారో, ఇన్‌చార్జ్‌గారికి ఏమవుతారో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

హైకోర్టులో ప్రాక్టీసు చేసే తెలుగు లాయరు ఒకతను ఉన్నాడు. మా కాలనీలోనే పెరిగాడు, నన్ను అక్కా అంటాడు. ఆదివారం పొద్దున్న కాగితాలన్నీ పట్టుకుని ఒక్కదాన్నే అతని ఇంటికి వెళ్ళాను. మెమో చదివాడు. అమ్మాయి ప్రింట్ తీసిన లైసెన్సు కాగితాలు చదివాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"అక్కా, టోరెంట్ వాడ్డం నేరం కాదు. దాంతో ఎవలి సినిమాయో, ఎవలి పుస్తకమో ఆళ్ళ పర్మిషన్ లేకండా పంచుకుంటే అది తప్పు. ఇక్కడ సొంతదార్లే పంచుకోమని ఇచ్చేరు. లాబ్‌లో ఏవి వాడాలో ఆళ్ళకి రూల్ ఉంటే అది ఏరే సంగతి. చట్టం ప్రకారం ఈ పిల్ల ఏటీ చెయ్యలేదు."

నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడే అతను అడుగున ఉన్న ఉత్తరం తీశాడు. ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇది ఎవలు రాసేరు?"

"నేనే."

"అచ్ఛా." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మెమోలో ఉన్నది ఒట్టి ఆరోపణక్కా. దానికి ఆళ్ళ దగ్గర సాక్ష్యం లేదు. సాక్ష్యం నువ్విచ్చేవు."

ఉత్తరాన్ని నా వైపు తిప్పి పెట్టాడు.

"రాసీముందు పిల్లని అడిగేవేటి, నువ్వు తప్పు చేసేవా లేదా అని?"

అడిగానన్నాను. అబద్ధం. ఆ మూడు రోజుల్లో, మెమో ఎవరిచ్చారని అడిగాను, ఎవరెవరు చూశారని అడిగాను, ఇన్‌చార్జ్ ఎలాంటి మనిషని అడిగాను. అది మాత్రం అడగలేదు. ఉత్తరం ఒత్తిడి మీద రాయించారని వెనక్కి తీసుకోవచ్చు, కానీ టెంపరరీ ఉద్యోగానికి కోర్టు చుట్టూ తిరిగితే ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేనన్నాడు. ఒత్తిడి పెట్టింది కాలేజీ కాదు కదా, నేను.

మర్నాడు సెలవు పెట్టి కాలేజీకి వెళ్ళాను. ఇన్‌చార్జ్‌గారు "ఆయియే మేడమ్" అని కుర్చీ చూపించాడు. టీ తెప్పించమంటారా అన్నాడు. ఆయన బల్ల మీద కంప్యూటర్ ఉంది. తెర కుడివైపు అడుగున బూడిద రంగులో ఆ లైను, అసలు కాపీ కాదన్న లైను, నా కళ్ళ ముందే కనిపిస్తోంది.

"ఇది ఎవరిచ్చిన కాపీ?" అని హిందీలో అడిగాను.

"వో తో సబ్ జగహ్ హోతా హై" అని నవ్వాడు. అన్నిచోట్లా ఉండేదేనట.

"డబ్బులిచ్చి కొనాల్సింది ఊరికే వాడుకుంటున్న మీరు వైధ్. ఊరికే ఇచ్చింది ఊరికే తెచ్చుకున్న నా కూతురు అవైధ్. అంతేనా?"

ఆయన వాదించలేదు. సొరుగు లాగి ఫైలు తీసి, నా అక్షరాల కాగితం నా ముందు పెట్టాడు. "ఆప్ కీ బేటీ నే ఖుద్ మాన్ లియా హై, మేడమ్." మీ అమ్మాయే ఒప్పుకుంది కదా అని. అవైధ్ అన్న మాట దగ్గర వేలు పెట్టి చూపించాడు. సరిగ్గా మా అమ్మాయి వేలు పెట్టిన చోటే.

నేను అరిచాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ అధికారి ముందూ గొంతెత్తని దాన్ని, హిందీలో తిట్టి, హిందీ చాలక తెలుగులో తిట్టాను. ప్యూన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చట్టం పేరెత్తిన ఆ మనిషి చట్టంలో ఒక్క వాక్యం చదవలేదు. చదవలేదని ఆయనకీ తెలుసు. చదవనక్కర్లేదని ఇంకా బాగా తెలుసు. టోరెంట్ అంటే చాలు, మాలాంటివాళ్ళం మేమే తల వంచి, మేమే నేరం రాసిచ్చి, మేమే సంతకం పెట్టిస్తాం. బయటికొస్తూ లాబ్ కిటికీలోంచి చూశాను. మా అమ్మాయి లేపిన కంప్యూటర్ల ముందు పిల్లలు కూర్చుని ఉన్నారు. అవైధ్ అని మనిషిని పంపేశారు, ఆ అవైధ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఉంచుకున్నారు. బస్సులో మా లాల్‌ఖదాన్ స్టాపు దాకా పళ్ళు కొరుకుతూనే వచ్చాను.

అప్పటికి అమ్మాయి వ్యాపార్ విహార్‌లో ఒక షాపులో చేరింది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకి ప్రింటర్లు బిగించడం, చెడిపోతే బాగుచెయ్యడం. సాయంత్రం వచ్చి, చేతికంటిన సిరా సబ్బుతో రుద్దుకుంటోంది. పక్కన నిలబడి నేను చెప్పడం మొదలుపెట్టాను. లాయరు ఏమన్నాడో, టోరెంట్ వాడటం ఎందుకు నేరం కాదో, సొంతదారు పంచుకోమన్నదానికీ దొంగతనంగా పంచుకున్నదానికీ తేడా ఏమిటో, ఏదో కొత్త సంగతి మోసుకొచ్చినదానిలా ఒగరుస్తూ చెప్పాను. ఇన్‌చార్జ్‌ని ఎలా కడిగేశానో కూడా చెప్పాను.

అది చేతులు తుడుచుకుంటూ పూర్తిగా విన్నది.

"అదే కదమ్మా నేను మూడు రోజులు చెప్పింది" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని నాకనిపించింది.

మంచం అంచున కూర్చుండిపోయాను. ఏదో ఒకటి నిజం చెప్పాలి అనిపించింది.

"ఆ రోజు నువ్వు నిజంగానే ఏదో చేసుంటావనుకున్నానే" అన్నాను.

"తెలుసు" అంది. తువ్వాలు తీగ మీద ఆరేసి నా వైపు తిరిగింది. "అందుకే సంతకం పెట్టీసేను. నువ్వే నమ్మలేదు, ఇంకెవలికి చెప్పుకోవాలని."